చాటనూగా ఎల్లో డెలి: తిండి బాగుంది, నడిపేదెవరో తెలుసుకుని వెళ్ళండి

అట్లాంటా నుంచి టెనెస్సీలోని చాటనూగాకి, అక్కడి రూబీ ఫాల్స్ జలపాతం చూడ్డానికి వెళ్ళే మనవాళ్ళకి ఎవరో ఒకరు ఈ హోటల్ పేరు చెబుతారు. మెకాలీ అవెన్యూలో, యూనివర్సిటీ దగ్గర ఉంటుంది. మేం అత్తయ్యగారిని తీసుకుని వెళ్ళాం.

బ్రెడ్ వాళ్ళే కాలుస్తారు, సూప్ పొగలు కక్కుతూ వచ్చింది. యెర్బా మాటె అనే దక్షిణ అమెరికా ఆకుల టీ నాకు నచ్చింది, మావారికి కషాయంలా అనిపించిందట. శాండ్‌విచ్‌ల్లో బీఫ్ ఉన్నవి చాలానే ఉన్నాయి, తిననివాళ్ళు ముందే అడిగి తెలుసుకోండి. లోపలంతా చెక్కపని, చిన్న చిన్న గూళ్ళలా కూర్చునే చోట్లు. గడ్డం పెంచి, జుట్టు వెనక్కి ముడేసుకున్న కుర్రాడు వడ్డించాడు. అత్తయ్యగారికి మెట్టు దగ్గర చెయ్యి అందించాడు. "ఎంత మర్యాదో చూడు, జీతం బాగా ఇస్తారేమో" అన్నారావిడ.

జీతం లేదండీ, అక్కడ ఎవరికీ లేదు. టిప్ ఇచ్చినా ఉమ్మడి సొమ్మే. ఈ హోటల్ ట్వెల్వ్ ట్రైబ్స్ అనే మత సమూహానిది. ఎల్బర్ట్ యూజీన్ స్ప్రిగ్స్ అనే ఆయన 1970ల మొదట్లో ఆ సమూహాన్ని ఈ ఊళ్ళోనే మొదలుపెట్టాడు, 1973లో తొలి ఎల్లో డెలి తెరిచారు. బైబిల్లో అపొస్తలుల కార్యములు అనే పుస్తకంలో ఉన్నట్టు అన్నీ ఉమ్మడిగా ఉండాలన్నది వాళ్ళ పద్ధతి. ఊరితో చెడి వెర్మాంట్ వెళ్ళిపోయి, 2008లో తిరిగొచ్చి ఇక్కడ మళ్ళీ తెరిచారు.

ఆ కుర్రాడు కూడా ఊళ్ళు తిరుగుతూ శాండ్‌విచ్ కోసం వచ్చి ఉండిపోయానన్నాడు. చేరడం అంత తేలిక. శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినం మొదలవుతుంది, పాటలు, డాన్సు, భోజనం, రమ్మంటారు. నాలుగు రోజులుండమంటారు, పనిలో చెయ్యి వేయమంటారు. బాప్తిస్మం నాటికి కారు, బ్యాంకులో డబ్బు సమూహానికి ఇచ్చేయాలి, తర్వాత హీబ్రూ పేరు పెడతారు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న ఒంటరి స్టూడెంట్‌ని ఒకరు కూర్చోబెట్టి ఓపిగ్గా మాట వింటే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఆ మర్యాద నటన అని నేననను. నిజమైనది కాబట్టే పనిచేస్తుంది.

బయటికి రావడం మాత్రం వేరే కథ. క్రెడిట్ హిస్టరీ లేకుండా ఈ దేశంలో దిగిన మొదటి నెల మీకు గుర్తుందా? ఇరవయ్యేళ్ళు పనిచేసి బయటికొచ్చినవాళ్ళు ఇక్కడే పుట్టి కూడా ఆ నెలలోనే ఉంటారు. పే స్టబ్ ఉండదు, చూపించుకోడానికి ఉద్యోగం ఉండదు. భార్యాపిల్లలు లోపలే ఉండిపోతే ఇంకెక్కడికి పోతారు?

బలవంతంగా లాక్కొచ్చినా లాభం లేదు. 1970ల్లో కొందరు తల్లిదండ్రులు మనుషుల్ని పెట్టి పిల్లల్ని ఎత్తుకొచ్చారు. 1984 జూన్ 22న వెర్మాంట్ పోలీసులు, పిల్లల్ని కొడుతున్నారన్న ఆరోపణలతో, ఈ సమూహం ఉండే ఐలండ్ పాండ్ ఊళ్ళో 112 మంది పిల్లల్ని పట్టుకెళ్ళారు. జడ్జి అదే రోజు వదిలేశాడు. దాంతో బయటివాళ్ళంతా శత్రువులన్న మాటకి రుజువు దొరికినట్టయింది. అలాగని ఆ పిల్లల గురించి భయం ఉత్తిది కాదు. సన్నటి బెత్తంతో కొట్టడం తమ పెంపకంలో భాగమని వాళ్ళే ఒప్పుకుంటారు. 2013లో జర్మనీ బవేరియాలో సుమారు 40 మంది పిల్లల్ని తీసుకెళ్ళింది, 2018లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆ దేశాన్నే సమర్థించింది.

తిండికి, సర్వీసుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. మళ్ళీ మాత్రం వెళ్ళను, జీతం లేని చేతుల మీదుగా వచ్చిన సూప్ నాకు దిగదు. మీ పిల్లలు ఆ యూనివర్సిటీలో చదువుతుంటే హోటల్‌కి వద్దనకండి, శుక్రవారం పిలుపు గురించి మాత్రం ముందే చెప్పి ఉంచండి. వెళ్ళేవాళ్ళు వారాంతం టైమింగ్స్ చూసుకోండి, వాళ్ళ విశ్రాంతి దినానికి హోటల్ మూసేస్తారు.