గుంటుపల్లి గుహలు: బెజవాడ నుంచి ఒక్కరోజులో వెళ్లొచ్చాం

ఉండవల్లి నాలుగంతస్తులు ఎక్కి దిగి, పడుకున్న అనంతపద్మనాభస్వామికి దణ్ణం పెట్టుకుని, గుహలంటే ఇవేగా అనుకునే బెజవాడ వాళ్లలో నేనూ ఒకణ్ణి. మొన్న ఆదివారం మా బావమరిది పోరు పడలేక గుంటుపల్లి బయల్దేరాను. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలో, జీలకర్రగూడెం పక్కన కొండ మీద ఉన్నాయి.

తెల్లారకముందే నెహ్రూ బస్టాండ్‌లో బస్సెక్కి ఏలూరులో టిఫిన్ చేశాం. అక్కడి నుంచి కామవరపుకోట బస్సు, ఆ తర్వాత ఆటో. దారంతా పామాయిల్ తోటలు, మామిడి తోటలు. సొంత బండి ఉంటే సగం బాధ తప్పుతుంది, ఎందుకంటే మేం రానూపోనూ మాట్లాడుకున్న ఆటో అతను "అరగంటలో వచ్చేస్తా సార్" అని వెళ్లి గంటన్నర దాటాక వచ్చాడు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు.

కొండ పెద్ద ఎత్తేం కాదు, మెట్లున్నాయి, కానీ తొమ్మిదింటికే రాయి కాలిపోతోంది. ఇద్దరికీ కలిపి ఒక్క లీటరు సీసా పట్టుకెళ్లడం మా తెలివి. పైన కొట్టు లేదు, కూల్‌డ్రింకు లేదు.

గుండ్రటి చైత్యంలోకి, అంటే బౌద్ధుల పూజామందిరంలోకి, వెళ్లాక మాత్రం ఎండ సంగతే మర్చిపోయాను. చిన్న గది, మధ్యలో రాతి స్తూపం, చుట్టూ మనిషి తిరిగేంత సందు. తలెత్తితే కప్పుకి వాసాలు! తాటాకు పాకకి వేసినట్టే, అన్నీ నడినెత్తి మీదకి వచ్చి కలుస్తాయి, కాకపోతే అన్నీ రాయే. "అవి మోసేదేం లేదుగా బావా, మొత్తం ఒకటే కొండ, మరెందుకు చెక్కినట్టు?" అన్నాడు మావాడు. కర్రతో కట్టడానికి అలవాటుపడ్డ చేతులు రాతిలోనూ పాకే వేశాయి, అంతే. బిహార్‌లో బరాబర్ కొండల మీది లోమశ రుషి గుహ వాకిలి కూడా ఇలా కర్రపనిని రాతిలో దించిందే. గుంటుపల్లిది క్రీస్తుపూర్వం నాటి పని. ఊళ్లోవాళ్లకి ఈ స్తూపం ధర్మలింగేశ్వరస్వామి, అందుకని చెప్పులు బయటే విడిచాం, బయటికొచ్చాక అరికాళ్లు చుర్రుమన్నాయి.

ఆ పక్కన బౌద్ధ భిక్షువులు ఉన్న విహారాలు, కొండని తొలిచి చేసిన చిన్న చిన్న గదులు. ఒకదాంట్లో కాళ్లు చాపి పడుకుని చూశాను, చల్లగా ఉంది కానీ గబ్బిలాల కంపు. ఇంకా పైన ఇటుక చైత్యం, వరసగా చిన్న స్తూపాలు. వాటికి పావుగంట చాలు.

పురావస్తు శాఖ వాళ్లు ఆవరణ శుభ్రంగానే ఉంచారు. మేం వెళ్లినరోజు వివరించి చెప్పే మనిషి లేడు, బోర్డులు చదువుకోవడమే. ముందు కాస్త చదువుకుని వెళ్లండి, లేకపోతే ఉత్త రాళ్లలా కనిపిస్తాయి. పెద్దవాళ్లతో సాయంత్రం సరదాగా అయితే ఉండవల్లే నయం. తీరిగ్గా కూర్చుని చూడాలంటే ఇది. రాత్రి ఉండాలనుకుంటే ద్వారకా తిరుమలకో ఏలూరుకో పోవాల్సిందే.

కిందికి దిగి కామవరపుకోట చేరేసరికి మేం వెళ్లిన హోటల్లో భోజనాలు అయిపోయాయి. చల్లారిన మిరపకాయ బజ్జీలు నాలుగు తిని, నిమ్మకాయ సోడా తలా రెండు తాగి ఏలూరు బస్సెక్కాం.