కమోడోర్ 64 కొత్త బోర్డు: పెట్టిన డబ్బుకు తగ్గ సరుకే

తుప్పు పట్టి ట్రాక్‌లు (రాగి గీతలు) లేచిపోయిన నా కమోడోర్ 64 (1980ల నాటి ఇంటి కంప్యూటర్) మదర్‌బోర్డు ఇక బాగుపడదని తేలాక, పాత 250466 నంబరు బోర్డుకు అచ్చుగుద్దినట్టు ఔత్సాహికులు గీసిన ఖాళీ బోర్డు ఒకటి తెప్పించాను. చేతిలోకి తీసుకోగానే మందం నచ్చింది, ప్యాడ్‌లకు (సోల్డర్ వేసే చోట్లకు) బంగారు పూత ఉండటంతో సోల్డర్ చక్కగా పాకింది, ఏ రెసిస్టర్ ఎక్కడో తెల్లటి అక్షరాల్లో స్పష్టంగా ఉంది. ఈ మోడలే ఎందుకంటే ర్యామ్ కోసం. అంతకుముందు బోర్డుల్లో 8 చిప్‌లు పెట్టాలి, ఇందులో 41464 రకం 2 చాలు.

అసలు కష్టం సిడ్ (శబ్దానికి), విక్-2 (తెర మీద బొమ్మకు) చిప్‌లది. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది, అసలైనవే కావాలంటే పాత బోర్డు నుంచి పీకాలి, కాబట్టి దయచేసి పనిచేస్తున్న కంప్యూటర్‌ను ఇందుకోసం విప్పకండి.

లోపం ఒకటుంది: ఒక స్క్రూ రంధ్రం కాస్త పక్కకు పడి బోర్డు కేసులో కూర్చోలేదు, సన్న ఆకురాయితో రుద్దుకోవాల్సి వచ్చింది, అమ్మినవాళ్లకు రాస్తే జవాబే లేదు. అది బాధనిపించింది. పాత అడాప్టర్ మాత్రం అస్సలు పెట్టొద్దు, అది చెడితే 5 వోల్టుల లైన్‌లో వోల్టేజీ పెరిగి చిప్‌లు కాలిపోతాయి.

రెండు సాయంత్రాలు సోల్డరింగ్‌కే పోయాయి. టెన్షన్‌గానే స్విచ్ వేశాను. నీలం తెర మీద 38911 బైట్లు ఖాళీ అని కనిపించగానే మా అమ్మాయిని కేకేసి పిలిచాను.