అమలాపురంలో పూర్తి కంటి పరీక్ష: ఈ ఆసుపత్రి ఎలా ఉంది, ఎలా సిద్ధమై వెళ్ళాలి

అమలాపురంలోని ఈ కంటి ఆసుపత్రికి నేను ఐదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. రోగి ఆసుపత్రికి రాకముందే ఇంటి దగ్గర ఎలా సిద్ధం కావాలో ఓపికగా చెప్పే పద్ధతి ఇక్కడ ఉండడమే అందుకు ముఖ్య కారణం. మా అమ్మగారికి షుగరు, బీపీ ఉన్నాయి. నాకు నలభై దాటాక చత్వారం వచ్చింది. కంటిలో ఏ బాధా లేకపోయినా ఏటా చేయించుకోవలసిన పూర్తి పరీక్ష కోసం ఇద్దరికీ సమయం తీసుకున్నాము. ముందురోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, ఏమేమి తీసుకురావాలో, ఎలా రావాలో అమ్మగారికే నేరుగా వివరించింది.

ఆమె మొదట చెప్పినది పాత కళ్ళద్దాల గురించి. "అమ్మగారూ, ఇంట్లో ఉన్న పాత జోళ్ళన్నీ తెచ్చుకోండి, విరిగినవైనా సరే" అన్నది. ఆ అద్దాల పవరును యంత్రంలో కొలిచి చూస్తే సైటు ఎంత వేగంగా మారుతున్నదో వారికి తెలుస్తుంది. పాత చీటీ పోగొట్టుకున్నవారికి ఆ జోడే చీటీగా పనికివస్తుంది. రెండవది మందుల వివరం. పేర్లు నోటికి రాకపోతే మందుల అట్టలే సంచిలో వేసుకుని రమ్మన్నది. కంటి పరీక్షకు ఒంటి మందులతో పనేమిటని చాలామంది అనుకుంటారు గాని, పని చాలానే ఉంది. ఆయాసానికో, చర్మవ్యాధికో దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవారికి కంటిలో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం త్వరగా రావచ్చు. కీళ్ళవాతానికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను ఏళ్ళ తరబడి వాడితే రెటీనాను, అంటే కంటి వెనుక భాగంలో ఉండే పొరను, ప్రత్యేకంగా పరీక్షించవలసి ఉంటుంది. ప్రోస్టేటు ఇబ్బందికి పెద్దవారు వాడే టామ్సులోసిన్ సంగతి, రేపు శుక్లం ఆపరేషను చేయవలసి వస్తే వైద్యుడికి ముందే తెలిసి ఉండాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వాడే కంటి చుక్కల సీసాలను కూడా దాచకుండా చూపించాలి. వాటిలో స్టెరాయిడ్ ఉన్నదో లేదో వాడేవారికి తెలియదు.

పరగడుపున రావలసిన అవసరం లేదని ఆ అమ్మాయి నొక్కి చెప్పడం నాకు ఎంతో నచ్చింది. రక్తపరీక్షలా భావించి, టిఫిను మానేసి, షుగరు మాత్ర కూడా వేసుకోకుండా తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే పెద్దవారిని మా లంక గ్రామాల్లో ఎప్పుడూ చూస్తూనే ఉంటాము. మామూలుగా తిని, వేళకు మందులు వేసుకుని రావాలి. నీటికాసులకు, అంటే గ్లకోమాకు, చుక్కలు వాడేవారు, వైద్యుడు ప్రత్యేకంగా మానమని చెబితే తప్ప, ఆ రోజు కూడా వేసుకునే రావాలి. కాటుక, ఆముదం వంటివి కంటికి పెట్టుకోకూడదు. కాంటాక్ట్ లెన్సులు ఉన్నవారు ఎంతసేపు ముందు తీసివేయాలో అడిగి తెలుసుకోవాలి. పరీక్షలో వాడే పసుపుపచ్చని రంగు మెత్తటి లెన్సులకు అంటుకుంటుంది కనుక లెన్సుల డబ్బీ కూడా వెంట ఉండాలి.

ఇక ఈ ఆసుపత్రి మీద నాకు నమ్మకం కుదిర్చిన సంగతి చెబుతాను. అమ్మగారి రక్తపరీక్ష కాగితం, అంటే మూడు నెలల షుగరు సగటు తెలిపే కాగితం, తెమ్మని ఫోన్లోనే అడిగారు. సైటు చూసే గదిలో ఆప్టోమెట్రిస్టు ముందుగా ఆ కాగితం చదివి, షుగరు బాగా ఎక్కువగా ఉన్నదని గమనించి, ఆ రోజు కొత్త అద్దాలకు చీటీ వ్రాయనన్నారు. రక్తంలో చక్కెర హెచ్చుతగ్గులకు లోనవుతున్నప్పుడు కంటిలోని కటకంలో నీటిశాతం మారి, దాని వంపు మారి, సైటు తాత్కాలికంగా అటూ ఇటూ కదులుతుందనీ, అటువంటప్పుడు చేయించిన అద్దాలు షుగరు అదుపులోకి వచ్చాక సరిపోవనీ వివరించి, కొన్ని వారాలు ఆగి రమ్మన్నారు. అదే ఆవరణలో వారిదే కళ్ళద్దాల దుకాణం ఉంది. ఆ దుకాణానికి రాగల బేరాన్ని వదులుకుని ఉన్న మాట చెప్పడం చిన్న విషయం కాదు. అయితే రెటీనా పరీక్షను మాత్రం వాయిదా వేయలేదు. షుగరు ఎక్కువగా ఉన్నందుకే అది వెంటనే జరగాలన్నారు. రెండవ రకం మధుమేహం బయటపడిన వెంటనే ఒకసారి, ఆ తరువాత కనీసం ఏడాదికొకసారి రెటీనా చూపించుకోవాలన్నది వైద్యులందరూ చెప్పే నియమం. చూపు బాగానే ఉన్నదన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతినడం మొదలైన చాలాకాలం వరకు చూపు మామూలుగానే ఉండవచ్చు.

అక్షరాల పట్టిక చదివించే చోట తెలుగు అక్షరాల పట్టిక ఉంది, చదువు రానివారికి మూడు కాళ్ళ గుర్తు ఏ వైపు తిరిగి ఉన్నదో వేలితో చూపించే పట్టిక కూడా ఉంది. నెదర్లాండ్స్ వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో రూపొందించిన పట్టికే వీటన్నిటికీ మూలం. ఆరు మీటర్ల దూరంలో మామూలు కన్ను చదవగలిగిన వరుసను చదివితే ఆరుకు ఆరు అని వ్రాస్తారు. అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగేటప్పుడు రెండూ ఒకేలా ఉంటే ఒకేలా ఉన్నాయనే చెప్పాలి. వారిని మెప్పించడానికి ఏదో ఒకటి చెబితే చివరికి తప్పు అద్దాలు మన ముక్కు మీదికి వస్తాయి. నా విషయంలో ఈ భాగం కొంత తొందరగా ముగిసింది. మధ్యాహ్నపు రద్దీలో దగ్గరచూపు అద్దాన్ని ఒక్కసారి మాత్రమే సరిచూశారు. పుస్తకం ఎంత దూరంలో పట్టుకుంటాను, కంప్యూటరు ముందు ఎంతసేపు కూర్చుంటాను అన్న ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు. వాటిని నేనే చెప్పి మళ్ళీ చూడమన్నాక శ్రద్ధగానే చూశారు. అందుచేత మీ పని ఎటువంటిదో మీరే ముందుగా చెప్పండి.

కంటి ఒత్తిడిని ఇద్దరికీ కొలిచారు. అది సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. కాని ఒత్తిడి ఆ హద్దులో ఉన్నవారికి కూడా నీటికాసులు రావచ్చు కాబట్టి కంటి నరాన్ని కళ్ళారా చూడనిదే వైద్యురాలు ఏమీ తేల్చలేదు. మా మేనమామగారికి నీటికాసులు ఉన్న సంగతి అమ్మగారు చెప్పగానే ఆమె వ్రాస్తున్న కలం ఆపి, ఏ వయసులో వచ్చింది, చూపు ఎంత పోయింది అని విడమరచి అడిగారు. రక్తసంబంధీకులలో ఆ జబ్బు ఉంటే మనకూ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో పెద్దవారిని ముందే అడిగి తెలుసుకుని వెళ్ళవలసిన విషయాలలో ఇది మొదటిది.

కంటిపాపలు పెద్దవి కావడానికి చుక్కలు వేసిన తరువాత ఇరవై, ముప్ఫై నిమిషాలు కూర్చోవాలి. వెలుతురు కళ్ళను గుచ్చుతుంది, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. ఇది సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది, కొందరికి ఇంకా ఎక్కువసేపు కూడా ఉండవచ్చు. ఇక్కడే ఈ ఆసుపత్రి పెద్ద లోపం బయటపడింది. చుక్కలు వేసినవారిని కూర్చోబెట్టే వరండా పడమటి ఎండకు ఎదురుగా ఉంది, తెరలు లేవు. పెద్దవారు పైటచెంగులు, తువ్వాళ్ళు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చోవలసి వచ్చింది. నేను తగ్గించిన నక్షత్రం దీనికే.

చుక్కలు వేయించుకున్నవారు బండి నడపకూడదన్నది అన్నిచోట్లా చెప్పే మాటే అయినా, కోనసీమలో దాన్ని మరింత గట్టిగా పట్టించుకోవాలి. మా రోడ్లలో చాలా భాగం కాలువ గట్ల వెంటే సాగుతాయి. పక్కన నీటి మీద పడిన ఎండ తిరిగి కళ్ళలో కొడుతుంది, ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే తప్పుకునే చోటు తక్కువ. తోడు ఒకరిని తీసుకుని, నల్లకళ్ళద్దాలు, గొడుగు పట్టుకుని వెళ్ళడం మేలు. మేము కారు మాట్లాడుకున్నాము. బోడసకుర్రు వంతెన మీద, గోదావరి పాయ అయిన వైనతేయ నీటి మెరుపుకు నల్లద్దాలు ఉన్నా అమ్మగారు కళ్ళు తెరవలేకపోయారు. ఆ రోజు సంతకాలు, బ్యాంకు పనులు కూడా పెట్టుకోకండి.

ఒక సంగతి ప్రత్యేకంగా వ్రాయాలి. మాసూళ్ళ రోజుల్లో వడ్లగింజో ఊకో కంట్లో పడి, ఎర్రబడి, నీరు కారుతూ ఉంటే దాన్ని ఏటా చేయించే పరీక్షకు వెళ్ళినప్పుడు చూపించవచ్చని ఆగకూడదు. నల్లగుడ్డు మీద పడిన గీత కొద్దిరోజుల్లోనే పుండుగా మారి చూపును పోగొట్టవచ్చు. నందివర్ధనం పూలు, చనుబాలు, ఎవరో చెప్పిన చుక్కలు ఏవీ వేయకుండా ఆ రోజే వెళ్ళాలి. అటువంటి కేసులను సమయం తీసుకోకపోయినా చూస్తామని ఇక్కడి కౌంటరులో చెప్పారు.

ఆసుపత్రి ఇచ్చే సూచనల కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. ఫోన్లో చెప్పిన ఆ చక్కని తెలుగు మాటలనే అచ్చువేసి ఇస్తే బాగుంటుందని సలహాల పుస్తకంలో వ్రాసి వచ్చాను. చిన్నపిల్లలను తీసుకువెళ్ళేవారు సెలవురోజులు ఎంచుకోవడం మంచిది. వారి సైటు సరిగ్గా తేల్చడానికి వేసే చుక్కల ప్రభావం చాలాసార్లు మరుసటి రోజు వరకు ఉంటుంది, అట్రోపిన్ వాడితే వారానికి పైగా కూడా ఉండవచ్చు. బడి పరీక్షల ముందు మాత్రం ఆ పని పెట్టుకోవద్దు.