తెలుగు టైప్ చేసే చేతులకు మొదటి మెకానికల్ కీబోర్డు

ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే భారతీయ భాషలకు ప్రభుత్వం ఖరారు చేసిన కీల అమరికలో, తెలుగు టైప్ చేసేవారి చేతికి ఒత్వం ఎక్కడుంటుందో తెలుసు: ఎడమ పై మూలన, ఒకటి అంకె పక్కన. ఆ కీ విడిగా లేని కీబోర్డును, ఎంత చవకగా వచ్చినా, ఎంత ముద్దుగా ఉన్నా, నేను కొనను. మిమ్మల్నీ కొనవద్దనే చెబుతాను.

మూడు వేల లోపు మెకానికల్ కీబోర్డులు అడిగితే షాపువాళ్లు ముందుగా 61 కీలవి తీసి చూపిస్తారు. చిన్నవి, చవకైనవి, బల్ల మీద చోటు మిగులుతుంది. కానీ వాటిలో ఆ మూలన ఎస్కేప్ కీ ఉంటుంది. అక్కడ ఉండవలసిన కీ కావాలంటే ఎఫ్ఎన్ (Fn) కీ నొక్కిపట్టి ఎస్కేప్ కొట్టాలి. ఇంగ్లీషు రాసేవారికి ఆ కీతో నెలకోసారి కూడా పని పడదు కాబట్టి ఈ ఏర్పాటు వారికి చిక్కు కాదు. మనకో? ‘కొత్త’, ‘మొదలు’, ‘పొలం’, ‘తొందర’, ‘రొట్టె’, అన్నీ ఆ కీ మీదుగానే రావాలి. ‘ఒక’ అని రాయాలంటే దానికి షిఫ్ట్ కూడా కలపాలి. అంటే తెలుగులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే మాటల్లో ఒకదాని మొదటి అక్షరానికే మూడు కీలు ఒకేసారి నొక్కాలి. పైగా ఈ బోర్డుల్లో బాణం కీలు ఉండవు. రాసినది దిద్దుకునేవారికి అది రెండో దెబ్బ. 68 కీలవాటిలో బాణాలు ఉంటాయి గాని, చాలావాటిలో మూల కీ సంగతి మాత్రం అంతే. అందుకే 84 కీలదో, 87 కీలదో తీసుకోవాలి. ‘అమ్మ’ను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించుకునేవారికి ఈ మూల కీ అవసరం లేదు. వాళ్లకు 61 కీలవి కూడా సరిపోతాయి, బాణాలు లేకపోయినా ఫరవాలేదనుకుంటే.

నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. మాటకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే పని. తార్నాకలో రెండు గదుల పోర్షన్. ముందు గదిలో నా బల్ల, దాని పక్కనే అమ్మ మంచం. ఇంటి పనులు తెమిలాక రాత్రి పూటే నాకు రాత సాగుతుంది. పాత కీబోర్డులో ‘డి’ కీ మెత్తబడిపోయింది. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు ఉండేది ఆ కీ మీదే. అది పడకపోతే ‘విద్యార్థి’ కాస్తా ‘విదయార్థి’ అవుతుంది. అలాంటివి పేజీకి రెండు మూడు దొర్లితే దిద్దుబాటుకే సగం రాత్రి పోతుంది. కొత్తది కొనక తప్పలేదు. చేతిలో ఉన్నది రెండున్నర వేలు, అందులోనే జీఎస్టీ కూడా.

మామూలు కీబోర్డులో కీల కింద ఒకే రబ్బరు పొర ఉంటుంది, ఒక్కో కీకి ఒక్కో బుడిపెతో. కీ అడుగుదాకా దిగితేనే అక్షరం పడుతుంది. వాడగా వాడగా ఎక్కువ దెబ్బలు తినే బుడిపెలు ముందు చచ్చుబడతాయి. మెకానికల్‌లో ప్రతి కీకీ సొంత స్విచ్చి ఉంటుంది. లోపల ఒక స్ప్రింగు, పైకీ కిందికీ కదిలే ఒక ప్లాస్టిక్ కాడ, రెండు సన్నని లోహపు రేకులు. కీ మొత్తం నాలుగు మిల్లీమీటర్లు దిగుతుందనుకుంటే సుమారు రెండు దగ్గరే రేకులు కలిసి అక్షరం పడిపోతుంది. మిగతా రెండూ దిగనవసరం లేదు. తెలుగుకు ఇది పెద్ద ఊరట. ‘స్వాతంత్ర్యం’ రాయడానికి పన్నెండు దెబ్బలు కావాలి, అందులో మూడు పొల్లులే. రోజంతా ఇలాంటి మాటలు రాసేవారికి ఆ రెండు మిల్లీమీటర్లు వేళ్ల నొప్పిలో తేడాగా తెలుస్తాయి.

కొన్నది సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట. ఆన్‌లైన్‌లో వంద, రెండు వందలు తగ్గేవేమో. కానీ మొదటి మెకానికల్ కీబోర్డును వేలితో నొక్కి చూడకుండా కొనడం నాకు ఇష్టం లేదు. స్విచ్చి ఎలా ఉంటుందో వీడియోలో చప్పుడు విని తేల్చుకోలేం. సీటీసీలో రెడ్‌డ్రాగన్, కాస్మిక్ బైట్, జెబ్రానిక్స్, యాంట్ ఈస్పోర్ట్స్ పెట్టెలు చాలా షాపుల్లో కనిపించాయి. అడిగితే విప్పి చూపించేవాళ్లు ఉన్నారు, పెట్టె విప్పితే కొనాల్సిందే అనేవాళ్లూ ఉన్నారు. రెండో రకం షాపు దగ్గర ఆగవద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఏడెనిమిది వందలకు ‘మెకానికల్ ఫీల్’ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసినవి అమ్ముతారు. అవి మెకానికల్ కావు. రంగు దీపాలు పెట్టిన రబ్బరు కీబోర్డులే. తేల్చుకోవడం సులువు: ఒక కీ మీది టోపీని పైకి లాగమనండి. కింద చిన్న చదరపు డబ్బా లాంటి స్విచ్చి, దాని మధ్యలో కూడిక గుర్తు ఆకారంలో కాడ కనిపిస్తే అది మెకానికల్. డబ్బా లేకుండా ప్లాస్టిక్ గొట్టం మాత్రమే ఉంటే అది రబ్బరుది. నేను అడిగిన ఒక షాపులో టోపీ తీయడానికి ఒప్పుకోలేదు. ఆ మాట చాలు కదా, బయటికి వచ్చేశాను.

నేను కొన్న షాపు అబ్బాయి మాత్రం ఓపికమంతుడు. నీలం, గోధుమ, ఎరుపు స్విచ్చిలున్న మూడు బోర్డులు పక్కపక్కన పెట్టాడు. “కంప్యూటర్‌కు తగిలించి తెలుగులో కొట్టి చూడాలి బాబూ” అంటే, “తెలుగు దీనిలో వస్తుందా మేడం?” అని ఆశ్చర్యపోయాడు. విండోస్ సెట్టింగుల్లో తెలుగు చేర్చి నోట్‌ప్యాడ్ తెరిచాను. మూడింటి మీదా ఒకే వాక్యం కొట్టాను: ‘కొత్త కొమ్మకు కొన్ని మొగ్గలు.’ నాలుగు మాటలు, నాలుగు ఒత్వాలు, నాలుగు పొల్లులు. ఎడమ చిటికెనవేలు మూలకు పోయి రావడం, మధ్యవేలు పొల్లు మీద పడడం, ఈ రెండూ ఒక్క వాక్యంలో తెలిసిపోతాయి. షాపుకు వెళ్తే మీరూ ఈ వాక్యమే కొట్టి చూడండి.

స్విచ్చి రంగుల సంగతికి వస్తాను. ఈ రంగుల లెక్క జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్చిల నుంచి వచ్చింది. 1980ల నాటి ఆ నమూనా పేటెంటు గడువు తీరిపోయాక చైనాలో ఔటెము, గేటెరాన్, కైల్ వంటి పేర్లతో అదే కొలతల స్విచ్చిలు వచ్చాయి. మన బడ్జెట్‌లోకి మెకానికల్ కీబోర్డు దిగి వచ్చింది వాటి పుణ్యమే. చెర్రీ లెక్కల ప్రకారం ఎరుపు సుమారు 45 గ్రాముల ఒత్తిడికి స్పందిస్తుంది, గోధుమ 55, నీలం 60. చవక రకాల్లో ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గాని, వరస ఇదే.

నీలానిది టక్కుమనే చప్పుడు. అక్షరం పడిన క్షణం వేలికీ చెవికీ కలిసి తెలుస్తుంది. నిజం చెప్పాలంటే టైప్ చేయడానికి నాకు అన్నిటికన్నా ఆనందాన్నిచ్చింది అదే. విడి గది ఉండి, తలుపు మూసుకోగలిగితే నీలమే తీసుకోండి. పక్కన నిద్రపోయేవాళ్లు ఉంటే దాని జోలికి పోవద్దు. గోధుమ రంగులో నడుమ చిన్న అడ్డు తగులుతుందంటారు. ఈ ధరలో నేను నొక్కి చూసినవాటిలో ఆ అడ్డు ఉందా లేదా అన్నట్టే ఉంది. ఎరుపులో అడ్డూ లేదు, టక్కూ లేదు, నేరుగా కిందికి జారుతుంది. అమ్మ నిద్ర కోసం ఎరుపు తీసుకున్నాను. మొదట్లో వేలు ఆనితే చాలు అక్షరం పడిపోయేది. చేతులు తేలిగ్గా పెట్టడం అలవాటయ్యాక నాకు మళ్లీ నీలం కావాలనిపించలేదు. ఎరుపు నిశ్శబ్దమని మాత్రం అనుకోకండి. గట్టిగా కొడితే కీ అడుగును తాకే చప్పుడు వస్తుంది. కీబోర్డు కింద మందపాటి మౌస్ ప్యాడ్ వంటిది పరిస్తే అది బాగా తగ్గుతుంది, ముఖ్యంగా బోలు చెక్కబల్ల మీద.

మూల కీ తరువాత నేను పట్టుబట్టింది స్విచ్చి ఊడదీసి మార్చుకునే సౌకర్యం మీద. కొన్ని బోర్డుల్లో స్విచ్చిలను అతికించేస్తారు. ఒకటి చెడితే సోల్డరింగు తెలిసినవారి దగ్గరికి వెళ్లాలి. సాకెట్లున్నవాటిలో చిన్న పట్టకారుతో లాగితే స్విచ్చి చేతికి వస్తుంది. నాకు ఇది త్వరగానే అక్కరకొచ్చింది. ‘ఎన్’ కీ ఒక్కసారి నొక్కితే ల రెండుసార్లు పడసాగింది. ‘పిలుపు’ రాస్తే ‘పిలలుపు’. లోపలి రేకులు సరిగా కలవకపోతే ఇలా జరుగుతుంది. షాపుకు పరుగెత్తలేదు. నేనెప్పుడూ ముట్టని స్క్రోల్ లాక్ కింది స్విచ్చి లాగి ‘ఎన్’లో పెట్టాను, ఆ పాడైనదాన్ని స్క్రోల్ లాక్‌లో పెట్టాను. స్విచ్చి అడుగున ఉండే లోహపు కాళ్లు వంగకుండా నిటారుగా దించాలి, అంతే జాగ్రత్త. ఇంకో విషయం, ఔటెము సాకెట్లున్న కొన్ని బోర్డుల్లో సన్నని కాళ్ల ఔటెము స్విచ్చిలే దిగుతాయి. తరువాత వేరే కంపెనీవి వేసుకుందామనుకునేవారు కొనేముందే ఈ ప్రశ్న అడగాలి.

పొడవాటి కీల కింద, అంటే స్పేస్, షిఫ్ట్, ఎంటర్, బ్యాక్‌స్పేస్ కింద, అటూ ఇటూ సమంగా దిగడానికి ఒక తీగ ఉంటుంది. చవక బోర్డుల బలహీనత అక్కడే. స్పేస్ నొక్కినప్పుడల్లా గలగలమంటుంది. తెలుగులో షిఫ్ట్‌కు పని మరీ ఎక్కువ: ఖ, ఘ, థ, ధ, భ, శ, ష, ణ, ళ, ఆపైన అచ్చులన్నీ షిఫ్ట్‌తోనే. కాబట్టి షాపులో ఎడమ షిఫ్ట్‌ను రెండు చివర్లా నొక్కి చూడండి. ఒక చివర నొక్కితే రెండోది ఆలస్యంగా దిగే బోర్డును పక్కన పెట్టండి. నా దానిలో షిఫ్ట్ బాగుంది, స్పేస్ మోగింది. టోపీ తీసి తీగ వంపుల దగ్గర డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) కొద్దిగా రాస్తే గలగల పోయింది. వంటింటి నూనెలు, కుట్టుమిషను నూనె వాడవద్దు, లోపలికి కారిపోతాయి.

టోపీల ప్లాస్టిక్ రెండు రకాలు. ఏబీఎస్ అయితే వేలి రాపిడికి త్వరగా నున్నబడి మెరుస్తుంది. పీబీటీ గరుకుగా చాలాకాలం నిలుస్తుంది. ఈ ధరలో ఎక్కువగా ఏబీఎస్సే. నా బోర్డు మీద దీపం వెలుగు పక్కనుంచి పడితే ‘డి’ టోపీ మధ్యలో అద్దంలా ఒక మచ్చ కనిపిస్తుంది, చుట్టూ ఉన్న కీలన్నీ ఇంకా మసకగానే ఉన్నాయి. ఇంగ్లీషు రాసేవారి కీబోర్డు ముందు ఇంకెక్కడ అరుగుతుందో గాని, తెలుగుది పొల్లు దగ్గర అరుగుతుంది. రెండు రంగుల ప్లాస్టిక్‌తో అచ్చుపోసిన టోపీలైతే నున్నబడినా అక్షరం చెరగదు. ఆ సంగతి పెట్టె మీద రాసి ఉంటుంది, చూసుకోండి.

రంగురంగుల దీపాల కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టవద్దు. వైర్‌లెస్ కూడా ఈ బడ్జెట్‌లో వద్దు. ఆ డబ్బు స్విచ్చిల్లోకి, తీగల్లోకి పోతే మేలు. కేబుల్ ఊడదీసేదిగా ఉంటే మంచిది, తెగినప్పుడు కేబుల్ ఒక్కటే మార్చుకోవచ్చు. మెకానికల్ బోర్డులు ఎత్తుగా ఉంటాయి కాబట్టి మణికట్టు పైకి వంగకుండా ముందు భాగంలో చేతికి ఆనుడు ఉండాలి. నేను తువ్వాలు మడిచి పెట్టుకున్నాను, బాగానే ఉంది.

నేను తీసుకున్నది 87 కీలు, ఎరుపు స్విచ్చిలు, సాకెట్లు ఉన్నది. జీఎస్టీతో కలిపి 2,350 రూపాయలు పడింది. మోడల్ పేరు ఇవ్వడం లేదు, ఎందుకంటే ఈ ధరలో మోడళ్లు తరచూ మారిపోతాయి, ఒకే పేరుతో వేర్వేరు స్విచ్చిలు వస్తాయి. పైన చెప్పిన పరీక్షలు మాత్రం ఏ పెట్టెకైనా పనికొస్తాయి. డబ్బుకు తగిన వస్తువేనా అంటే, అవును. పొల్లు తప్పడం పూర్తిగా పోయింది, రాత్రి పని ముగిశాక వేళ్ల కణుపులు సలపడం లేదు. రాతే జీవనాధారమైనవారికి రెండున్నర వేలలో ఇంతకన్నా మంచి ఖర్చు నాకు కనిపించదు.

అను ఫాంట్లతో డీటీపీ చేసేవారిలో చాలామంది యాపిల్ లేఅవుట్ అనే వేరే కీల అమరిక వాడతారు, వాళ్ల అక్షరాల చోట్లు వేరు. తమకు ఏ మూల కీలు తప్పనిసరో ముందు కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది. అంకెలతో పని ఉన్నవారు కుడి పక్కన విడిగా అంకెల కీలుండే 104 కీలదే తీసుకోవాలి. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వారంటీకి ఆ కాగితమే ఆధారం. కీబోర్డు వరస సంఖ్య (సీరియల్ నంబరు) బిల్లు మీద రాయించుకోండి. సీటీసీకి మెట్రోలో అయితే ప్యారడైజ్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు. ఆదివారం మాత్రం వద్దు, చాలా షాపులు మూసే ఉంటాయి.