తొలి రేడియో కంట్రోల్ విమానానికి ఏ ఇంజిన్ మేలు?

రేడియో కంట్రోల్ విమానం ఎగరేయడం కొత్తగా నేర్చుకునేవారు ఇంజిన్ ఎంత బలమైనదని ముందుగా అడుగుతారు గాని, అది గాలిలో ఆగిపోకుండా ఎంత నమ్మకంగా తిరుగుతుందని అడగరు. ఐదడుగుల పైచిలుకు రెక్కతో, రెండున్నర కిలోల బరువుతో, రెక్క పైభాగాన అమరిన బాల్సా ట్రైనర్ (తేలికైన బాల్సా కర్రతో చేసిన శిక్షణ విమానం) ఎగరడానికి పెద్ద శక్తి అక్కరలేదు. కానీ మలుపు తిప్పుతుండగా ఇంజిన్ ఆగిపోతే, దానిని గ్లైడర్‌లా దింపే నేర్పు కొత్తవారి చేతిలో ఇంకా ఉండదు. అందువల్ల బుష్ గ్లో ఇంజిన్, బాల్ బేరింగ్ గ్లో ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటారు అనే మూడింటినీ నేను ముఖ్యంగా ఈ ఒక్క లెక్కతోనే తూచుతున్నాను. గ్లో ఇంజిన్ అంటే మెథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్.

గ్లో ఇంజిన్లలో ట్రైనర్లకు వాడేవి 40, 46 సైజులవి. ఈ అంకె ఘన అంగుళంలో నూరో వంతులను తెలుపుతుంది. అంటే 40 సైజు దాదాపు 6.5 సీసీ, 46 సైజు దాదాపు 7.5 సీసీ. జపాన్‌కు చెందిన ఓఎస్ సంస్థ ఇంజిన్లనే ఉదాహరణగా తీసుకుంటే, 40ఎల్ఏలో ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు (క్రాంక్‌షాఫ్ట్) సాదా బుష్‌లో, అంటే నునుపైన లోహపు గొట్టంలో తిరుగుతుంది, 46ఏఎక్స్‌లో బాల్ బేరింగుల మీద తిరుగుతుంది. మొదటిది సుమారు ఒక హార్స్‌పవర్ ఇస్తే, రెండవది ఒకటిన్నరకు పైగా ఇస్తుంది. అయితే నా దృష్టిలో అసలు తేడా శక్తిలో లేదు. బేరింగ్ ఇంజిన్ తక్కువ వేగంలో నిలకడగా తిరుగుతుంది, థ్రాటిల్ పెంచగానే తడబడకుండా అందుకుంటుంది. దింపుతూ దింపుతూ మనసు మార్చుకొని మళ్లీ పైకి లేపవలసిన క్షణంలో ఆ గుణమే విమానాన్ని కాపాడుతుంది.

బుష్ ఇంజిన్‌కూ తనదైన బలం ఉంది. ధర తక్కువ, బరువు తక్కువ, పైగా తుప్పు పట్టడానికి అందులో బేరింగులే లేవు. గ్లో ఇంధనంలో ప్రధాన భాగమైన మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాలలో ఎగరేసిన తరువాత ట్యాంకును ఖాళీ చేయాలి, మిగిలిన ఇంధనం పూర్తిగా కాలిపోయేదాకా ఇంజిన్ నడపాలి, నాలుగు చుక్కల నూనె వేయాలి. ఇవేవీ చేయకుండా అలమరలో పెట్టేస్తే బేరింగులు గరగరమనడం మొదలుపెడతాయి. నెలకొకసారి మాత్రమే మైదానానికి వెళ్లేవారికి, ఈ శ్రద్ధ చూపలేమని ముందే తెలిసినవారికి, బుష్ ఇంజినే తగిన ఎంపిక అంటాను. ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ల ధ్వని చెవికి ఇంపుగా ఉంటుందన్నది నిజమే కాని, ధర ఎక్కువ, వాల్వుల సందు అప్పుడప్పుడు సరిచూడాలి, ముక్కు నేలకు తగిలితే మరమ్మతు కూడా ఖరీదే. అవి రెండో విమానానికి అట్టే పెట్టుకోవచ్చు.

గ్లో ఇంజిన్ కొన్నవారు ఇంజిన్‌తో ఆగలేరు. మెథనాల్‌లో ఐదు నుంచి పదిహేను శాతం నైట్రోమీథేన్, పదిహేను నుంచి ఇరవై శాతం ఆముదం లేదా సింథటిక్ నూనె కలిసిన ఇంధనం, దానిని ట్యాంకులోకి తోడే చేతిపంపు, గ్లో ప్లగ్‌లోని తీగను ఎర్రగా వేడెక్కించే ఒకటిన్నర వోల్టుల ఇగ్నైటర్, పన్నెండు వోల్టుల స్టార్టర్, అదనపు ప్లగ్గులు, ప్లగ్ రెంచ్, వీటన్నిటినీ మోసే పెట్టె కావాలి. మెథనాల్ విషం, పగటి వెలుగులో దాని మంట కంటికి కనిపించదు, కొనుగోలు, నిల్వల మీద ప్రభుత్వ నియంత్రణ ఉంటుంది గనుక బంకు నుంచి పెట్రోలు తెచ్చుకున్నంత తేలికగా దొరకదు. ఇంధనం ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోకుండా ఇంజిన్ కొనడం తొందరపాటు.

ఆ తరువాత వచ్చేది ఇంజిన్‌కు ఇంధనం ఎంత అందాలో నియంత్రించే నీడిల్ వాల్వ్ సర్దుబాటు, గ్లో ఇంజిన్ల గురించి వినిపించే ఫిర్యాదులలో సగానికి మూలం ఇదే. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నీడిల్‌ను నెమ్మదిగా బిగిస్తూ ధ్వని గరిష్ఠ స్థాయికి చేరేదాకా వినాలి. అక్కడ ఆగకుండా రెండు మూడు క్లిక్కులు వెనక్కు తిప్పి ఇంధనం కాస్త ఎక్కువ అందేలా ఉంచాలి. అప్పుడు ఒకరు విమానాన్ని గట్టిగా పట్టుకొని ముక్కును ఆకాశం వైపు ఎత్తాలి. ధ్వని అలాగే నిలిచినా, కొద్దిగా పెరిగినా సర్దుబాటు సరిగా ఉన్నట్లే. సన్నగిల్లితే ఇంజిన్‌కు ఇంధనం చాలడం లేదు, పైకి ఎక్కేటప్పుడు అది ఆగిపోతుంది. మఫ్లర్ నుంచి పొగ గీత సన్నగా, తెగకుండా రావాలి. ఉదయం చల్లదనంలో కుదిరిన నీడిల్‌ను ఎండ ముదిరాక మళ్లీ సరిచూడవలసిందే. ఈ పనిని పుస్తకం చూసి నేర్చుకోవడం కష్టం, పక్కన ఒక అనుభవజ్ఞుడు ఉంటే ఒక పూటలో వస్తుంది.

ఎలక్ట్రిక్ మోటారుకు ఈ బాధ లేదు. 1.4 మీటర్ల రెక్క, 1.4 కిలోల బరువు గల ఫోమ్ ట్రైనర్‌ను తీసుకుందాం. ట్రైనర్‌కు కిలోకు సుమారు రెండు వందల వాట్లు చాలునన్న వాడుక లెక్క ప్రకారం 280 వాట్లు కావాలి. మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 11.1 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లు ఇస్తే 333 వాట్లు వస్తాయి. మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీకి 40 ఆంపియర్ల సామర్థ్యం ఉంచితే అది వేడెక్కదు. 2200 ఎంఏహెచ్ బ్యాటరీలో ఎనభై శాతమే వాడుతూ సగటున 12 ఆంపియర్లు తీసుకుంటే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు ఎగరవచ్చు. 46 సైజు గ్లో ఇంజిన్ నిండు ట్యాంకుతో పన్నెండు, పదిహేను నిమిషాలు నడుస్తుంది గనుక ఇక్కడ గ్లోదే పైచేయి. బ్యాటరీలు మూడు కొనక తప్పదు.

మోటారు కన్నా ఛార్జర్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. ప్రతి సెల్‌ను విడిగా సమం చేసే బ్యాలెన్స్ ఛార్జర్ తప్పనిసరి. సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. ఎగరేయని రోజుల్లో 3.8 దగ్గర ఉంచాలి. తెలంగాణ మే నెల ఎండలో నిండుగా ఛార్జ్ చేసిన లైపోను కారులో వదిలేస్తే అది ఉబ్బిపోవచ్చు, నిప్పంటుకోవచ్చు కూడా. ఇంకొక ప్రమాదం ఉంది: ఆగి ఉన్న గ్లో ఇంజిన్ దానంతట అది తిరగదు, కానీ బ్యాటరీ తగిలించిన ఎలక్ట్రిక్ విమానంలో థ్రాటిల్‌కు మోచెయ్యి తగిలినా ప్రొపెల్లర్ వేళ్లను కోస్తుంది. చేతిలోని ట్రాన్స్‌మీటర్‌లో, మోటారును తిరగనివ్వని థ్రాటిల్ కట్ స్విచ్ పెట్టుకున్న తరువాతే బ్యాటరీ తగిలించాలి.

ప్రొపెల్లర్ విషయంలో 46 ఇంజిన్‌కు 10x6 కన్నా 11x5 మేలు. మొదటి అంకె వ్యాసం, రెండవది పిచ్, అంటే ఒక చుట్టులో ప్రొపెల్లర్ ముందుకు సాగే దూరం, రెండూ అంగుళాలలోనే. పిచ్ తగ్గితే విమానం నెమ్మదిగా ఎగురుతుంది, దిగేటప్పుడు వేగం త్వరగా తగ్గుతుంది.

ఒంటరిగా నేర్చుకునేవారు ఎలక్ట్రిక్ ఫోమ్ ట్రైనర్‌నే ఎంచుకోవాలి, అందులో నాకు సందేహం లేదు. దగ్గరలో క్లబ్బు, ఇంధనం, నేర్పే పెద్దవారు ఉన్నవారికి 46 బేరింగ్ ఇంజిన్ ఏళ్ల తరబడి పనికొస్తుంది, రెండో విమానానికీ అదే ఇంజిన్‌ను బిగించుకోవచ్చు. గ్లో కోసం చేసిన బాల్సా ట్రైనర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం దానికి మోటారు బిగించే ముందు, బ్యాటరీ పెట్టవలసిన ట్యాంకు గదిని తెరిచి చూడాలి. పైన మూత లేని విమానంలో ప్రతిసారి రెక్క విప్పితే తప్ప బ్యాటరీ మార్చలేరు, అటువంటి దానికి గ్లో ఇంజినే సులువు.