మహాబలిపురం లైట్‌హౌస్: టవర్ ఎక్కండి, పక్కనున్న గుడిని మాత్రం వదలకండి

మహాబలిపురం వెళ్లిన మనవాళ్లు ఎక్కువమంది షోర్ టెంపుల్, పంచ రథాలు చూసి, వెన్నముద్ద బండ దగ్గర ఫొటో దిగి వెనక్కి బయల్దేరిపోతారు. లైట్‌హౌస్ ఉన్న గుట్టకి ఒక పూట కేటాయించమని నా సలహా.

టవర్‌కి విడిగా టికెట్ తీసుకోవాలి. 20వ శతాబ్దం మొదట్లో కట్టిన గుండ్రటి రాతి కట్టడం, ఇప్పటికీ పనిచేస్తోంది. భద్రతా కారణాలతో 2001లో సందర్శకులను ఆపేసి, 2011లో మళ్లీ అనుమతించారు. లోపల మెట్లు బాగా ఇరుకు. చివర్లో నిచ్చెనలాంటి నిటారు మెట్లు ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైదాకా తీసుకెళ్లకండి. పైనుంచి సముద్రమూ, షోర్ టెంపులూ బాగా కనిపిస్తాయి.

నాకు అంతకన్నా నచ్చింది పక్కనే ఉన్న పాత లైట్‌హౌస్. అది నిజానికి శివాలయం. పేరు ఒలక్కనేశ్వర ఆలయం, 8వ శతాబ్దంలో రాజసింహ పల్లవుడి కాలం నాటిది. చుట్టుపక్కలంతా చదునైన తీరం, ఎత్తున్నది ఈ గుట్టే. అందుకే ఇప్పటి టవర్ లేని రోజుల్లో, 19వ శతాబ్దంలో, ఓడలకు దారి చూపే దీపాన్ని ఈ గుడి కప్పు మీదే పెట్టారు. శిఖరం ఇప్పుడు లేదు. గోడల మీద శిల్పాలు మాత్రం నిలిచాయి. రావణుడు కైలాసాన్ని ఎత్తుతున్న శిల్పం దగ్గర కాసేపు నిలబడండి. ముఖాలు అరిగిపోయినా ఆ భుజాల్లో బలం తెలుస్తూనే ఉంది.

ఆ గుడి కిందే మహిషాసురమర్దని గుహ ఉంది. ఒక గోడకి సింహం మీద విల్లు ఎక్కుపెట్టిన దుర్గ, ఎదురుగా గద పట్టుకుని వెనక్కి జరుగుతున్న మహిషుడు. అవతలి గోడకి శేషశయనుడు. ఇటు అంత యుద్ధం, అటు అంత నిద్ర! ఇంత దగ్గరదగ్గరగా ఈ రెండూ చెక్కిన శిల్పికి దండం పెట్టాలనిపించింది.

మేం మాట్లాడుకున్న గైడ్ "పైన చూడటానికేం లేదు సార్" అని కిందనుంచే తిప్పేయబోయాడు. అలా అంటే వినకండి, మీరే ఎక్కండి. పొద్దున్నే వెళ్తే ఎండ బాధ తక్కువ. బండలు నున్నగా ఉంటాయి, జారని చెప్పులు వేసుకోండి. టైమ్ లేక ఏదో ఒకటే చూడగలమంటే టవర్‌ని వదిలేసి గుడి, గుహ చూడండి.