హంపిలో రథం చూసి వెనక్కి రావద్దు, వంతెన దాకా వెళ్లండి

మాది చంద్రగిరి. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు హంపి వదిలి పెనుకొండకు, కొంతకాలానికి మా ఊరికి వచ్చారు. వాళ్లు వదిలొచ్చిన ఊరు చూడాలని అమ్మకు ఎప్పటి నుంచో కోరిక. జనవరిలో తిరుపతిలో రాత్రి హరిప్రియ రైలు ఎక్కి, పొద్దున హోస్పేటలో దిగాం.

మొదటి రాత్రి హంపి గుడి దగ్గరే గది తీసుకున్నాం. ఫొటోలో చూపించిన గది వేరు, ఇచ్చింది వేరు. వేడినీళ్లు లేవు, కరెంటు పోతే అడిగే దిక్కు లేదు. మర్నాడే హోస్పేటకు మారిపోయాం. 13 కిలోమీటర్ల ఆటో ఖర్చు పడినా, పెద్దవాళ్లతో వెళితే అక్కడ ఉండడమే మేలు.

విఠలాలయానికి బ్యాటరీ బండి ఉంది, అమ్మకు నడక తప్పింది. జనమంతా రాతి రథం చూసి అక్కడి నుంచే తిరిగి వెళ్లిపోతున్నారు. మేం తులాభారం రాతికమాను దాటి తుంగభద్ర ఏటికి దిగాం. పురందరదాసు మండపం దగ్గర్లోనే నీళ్లలో వరసలుగా నిలబడ్డ రాతి స్తంభాలు కనిపించాయి. అవతలి ఒడ్డున ఉన్న ఆనెగొంది ఊరి వైపు వెళ్లే పాత వంతెన అదే. పైన నడిచే దారి ఎప్పుడో పోయింది. కొన్నిచోట్ల మాత్రం స్తంభాల మీద అడ్డంగా పెట్టిన రాతి దూలాలు ఇంకా ఉన్నాయి. గట్టు పక్కన ఒక స్తంభాన్ని చేత్తో తడిమి చూశాను. నీటి మరక ఉన్నంత వరకు నున్నగా ఉంది, ఆ పైన గరుకు.

1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, ఇక్కడి జనం బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో ఏరు దాటేవారని రాశాడు. వెదురుతో అల్లి తోలు కప్పేవారట, పదిహేను ఇరవై మంది పట్టేవారట. ఇప్పటికీ పుట్టిలు తిరుగుతున్నాయి. స్తంభాలను దగ్గరగా చూడాలంటే పుట్టి ఎక్కాల్సిందే. ఒడ్డున ఒక రేటు చెప్పి, ఏటి నడుమ ఇంకో రేటు అడిగాడు మా పుట్టి అతను. ఎక్కకముందే రానూపోనూ ఎంతో ఖరారు చేసుకోండి, లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి.

"రాయలవారు మన కొండకు వచ్చింది ఈ వంతెన మీదేనా నాయనా?" అని అడిగింది అమ్మ. కాదమ్మా, ఇది ఉత్తరానికి పోయే దారి, మన తిరుమల ఈ ఒడ్డు వైపే అన్నాను. అయినా చాలాసేపు ఆ స్తంభాల వైపే చూస్తూ కూర్చుంది. సాయంత్రం ఎండ వాటి మీద పడేటప్పుడు అక్కడుండాలంటే నాలుగింటికల్లా చేరుకోండి. తిరిగొచ్చే ఆఖరి బండి ఎప్పుడో ముందే కనుక్కోండి.